మీటరు ముంచిన చోటు: ఒక రొయ్యల చెరువు కేస్ స్టడీ

“తమ్ముడూ, ఒక మూల రొయ్య తేలుతోంది. ఏమి వేయమంటావు?”

మూడేళ్ల కిందటి వేసవిలో, సీడ్, అంటే రొయ్య పిల్లలు, వదిలిన 52వ రోజు సాయంత్రం ఒక రైతు చేసిన ఫోను ఇది. ముత్తుకూరులో మత్స్యశాస్త్రం చదివి, పదిహేడేళ్లుగా నెల్లూరు జిల్లా తీరంలోనే పనిచేస్తున్నాను. ఇందుకూరుపేట, తోటపల్లి గూడూరు, విడవలూరు మండలాల్లో నలభై దాకా చెరువులకు సలహాదారుని. నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఈ ప్రశ్న దగ్గరే ఆగుతాయి: ఏమి వేయాలి? జబ్బు ఏమిటో తెలియకముందే మందు పేరు కావాలి. తప్పు రైతుది మాత్రమే కాదు. మేత, మందులు అప్పు మీద ఇచ్చే దుకాణం ఆ ప్రశ్నకు పొట్లం రూపంలో జవాబు ఇస్తుంది. నాలాంటివాళ్లం చీటీ రూపంలో ఇస్తాం. “ఏమి జరుగుతోంది?” అనే ప్రశ్నకు పొట్లం దొరకదు. అందుకే ఎవరూ అడగరు.

ఈ కేసులో ఆ రెండో ప్రశ్నను మొదట అడిగింది నేను కాదు, రైతూ కాదు. గట్టు మీద పాకలో ఉంటూ చెరువును కాపలా కాసే దంపతుల్లో ఇల్లాలు. నేను అక్కా అని పిలుస్తాను. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు, రైతు పేరు కూడా.

చెరువు, మొదటి వారం

మైపాడు వైపు వెళ్లే దారిలో, కాలువకు దగ్గరగా ఉన్న ఒక హెక్టారు చెరువు, అంటే రెండున్నర ఎకరాలు. నాలుగున్నర అడుగుల నీరు. వదిలింది వనామీ రకం రొయ్య సీడ్ 3 లక్షలు, చదరపు మీటరుకు 30. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ వనామీకి పెట్టిన పరిమితి 60 కాబట్టి కిక్కిరిసిన చెరువు అనడానికి లేదు. చక్రాలతో నీటిని చిలికి గాలి కలిపే రెండు హార్స్ పవర్ ఏరియేటర్లు ఆరు. రోడ్డు దక్షిణపు గట్టు పక్కగా పోతుంది. ఆ గట్టు మధ్య నుంచి చెరువులోకి ఒక చెక్క బల్ల వేసి ఉంది. దాని మీద నడిచి వెళ్తే కాళ్లకు బురద అంటకుండా నీటిని అందుకోవచ్చు. ఈ బల్లను గుర్తుపెట్టుకోండి.

చచ్చినవి తేలుతున్నది ఈశాన్యం మూల. మొదటి రోజు రెండు కిలోలు. ఒక్కోటి ఎనిమిది గ్రాముల సైజు కనుక రెండువందల యాభై రొయ్యలన్న మాట.

ఈ తీరంలో రొయ్య చచ్చిందంటే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది వైరస్. 1990ల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి టైగర్ రొయ్యను ఊడ్చేసినప్పుడు నగలు అమ్ముకున్న ఇళ్లు ఇప్పటికీ ఆ మాట చెబుతాయి. 2009లో వనామీకి అనుమతి వచ్చి చెరువులు మళ్లీ నిండినా ఆ భయం మాత్రం పోలేదు. కాబట్టి నేనూ మొదట, జబ్బు క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పి.సి.ఆర్. పరీక్షకే పంపాను. తెల్లమచ్చ లేదు. రొయ్యను ఎదగనివ్వని ఈ.హెచ్.పి. అనే పరాన్నజీవీ లేదు. నీటిలో విబ్రియో బ్యాక్టీరియా కొంచెం ఎక్కువ, కానీ వేసవిలో ఆ మాత్రం మామూలే.

మీటరుతో ఆక్సిజన్ చూశాను. రాత్రంతా చెరువులోని పచ్చదనం కూడా ఊపిరి పీల్చుకుంటుంది కనుక తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుగుకు పడుతుంది. చూడవలసిన వేళ అదే, అదే వేళకు వెళ్లాను. 4.6 పీపీఎం. మూడుకు తగ్గితే కదా కంగారు! పీహెచ్, క్షారత, అమ్మోనియా అన్నీ కాగితం మీద చక్కగా ఉన్నాయి. అయినా రైతు ముందు ఖాళీ చేతులతో నిలబడలేక ఖనిజాలు రాశాను, ప్రోబయోటిక్ రాశాను, జియోలైట్ రాశాను. ఇప్పుడు ఆ చీటీ చూస్తే సిగ్గేస్తుంది.

56వ రోజు అమావాస్య. అమావాస్యకూ పున్నమికీ రొయ్య ఎక్కువగా కుబుసం విడుస్తుందని ఇక్కడి ప్రతి రైతుకూ అనుభవం. కొత్త పెంకు గట్టిపడేదాకా అది మెత్తగా, నీరసంగా ఉంటుంది. ఆ రెండు రోజుల్లో చావులు ఐదు కిలోలకు పెరిగాయి. “అమావాస్య కదన్నా, రెండు రోజుల్లో సర్దుకుంటుంది” అన్నాను. రైతుకు కొంచెం ధైర్యం వచ్చింది. నాకు కొంచెం సమయం దొరికింది. చూడటానికి జవాబులాగే ఉంటుంది గాని, అమావాస్య అనే మాట ప్రశ్న మీద పెట్టే మూత. ఆ మాట నిజం కావడమే అసలు ఇబ్బంది. అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకునేవారు. అమావాస్య చెరువంతటికీ ఒకటే అయినప్పుడు చావులు ఈశాన్యానికే ఎందుకు పరిమితమయ్యాయో నాకు తట్టలేదు.

59వ రోజు తెల్లవారుజామున

నేను బల్ల చివర కూర్చుని మీటరు తీగను నీటిలోకి వదిలాను. అక్క చేతివలతో చచ్చినవి ఏరి బకెట్టుతో గట్టు మీదుగా వస్తోంది. ఆగి చూసి అడిగింది:

“సార్, రోజూ ఇక్కడే ముంచుతారు. రొయ్య చచ్చేది అక్కడ కదా?”

నేను చెప్పిన జవాబును ఉన్నదున్నట్టు రాస్తున్నాను. “చెరువులో నీళ్లన్నీ ఒకటే అక్కా. ఏరియేటర్లు కలిపేస్తాయి.” ఆమె మళ్లీ మాట్లాడలేదు. బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది. ఆ గొంతులో విసుగు లేదు, ఎత్తిపొడుపూ లేదు. తరతరాలుగా కాలువల్లో, మడుగుల్లో చేపలు పట్టిన కుటుంబం వాళ్లది. ఒకే మడుగులో ఒక చోట చేప ఉంటుందనీ, పది అడుగుల అవతల ఉండదనీ ఎరిగిన మనిషి. నీళ్లన్నీ ఒకటే అన్న నా మాట ఆమెకు ఎంత వింతగా వినిపించి ఉంటుందో!

బండి మీద ఇందుకూరుపేట దాటేదాకా ఆ మాట వదల్లేదు. నీళ్లన్నీ ఒకటే అని నాకు ఎలా తెలుసు? కొలిచానా? అన్నేళ్లలో ఎన్ని వందల చెరువుల్లో మీటరు ముంచానో లెక్క లేదు, కానీ బల్ల లేని చోట ముంచిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చెరువు ఆరోగ్యం అని నేను రికార్డుల్లో రాసుకుంటూ వచ్చిందంతా నిజానికి బల్ల దగ్గరి నీటి ఆరోగ్యం.

మర్నాడు నాలుగింటికే వెళ్లాను. మేత చల్లే తెప్ప ఎక్కి, అక్క భర్త గెడ వేస్తుంటే, పద్నాలుగు చోట్ల పైనా అడుగునా కొలిచాను. బల్ల దగ్గర అడుగున 4.6. నడిమధ్య 3.9. ఈశాన్యం మూల పైన 3.4, అడుగున 1.3. రొయ్య ఉండేది అడుగునే. నోట్‌బుక్కులో చెరువు బొమ్మ గీసి అంకెలు వేస్తే, ఆ మూలలో దాదాపు పావు ఎకరం మేర రొయ్యకు ఊపిరాడని చోటు బయటపడింది.

రైతు ఆ బొమ్మను చాలాసేపు చూశారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నాకు అక్క ప్రశ్న కంటే పెద్ద దెబ్బ. “అయితే తమ్ముడూ, చెక్ ట్రేలు కూడా అన్నీ ఈ గట్టునే ఉన్నాయి కదా?”

ఉన్నాయి. రొయ్య మేత తింటోందో లేదో చూడటానికి నీటిలో దించే ట్రేలు నాలుగు, నాలుగూ దక్షిణపు గట్టు వెంబడి. మేత వేసిన రెండు గంటలకు ట్రే ఖాళీ అయితే మర్నాడు మేత పెంచుతాం, మిగిలితే తగ్గిస్తాం. ఈ వృత్తిలో రోజూ చేసే నిర్ణయం అదే, ఖర్చులో సగానికి పైగా మేతదే. ఊపిరాడని మూల నుంచి తప్పించుకున్న రొయ్యలన్నీ శుభ్రమైన దక్షిణం వైపు గుమిగూడాయి. ఆ గుంపు ట్రేలను నిమిషాల్లో ఖాళీ చేసింది. ఖాళీ ట్రే చూసి మేం మేత పెంచాం. పెంచిన మేతను తెప్ప మీద తిరుగుతూ చెరువంతా చల్లాం. ఈశాన్యంలో తినేవాళ్లు లేక అది అడుగున కుళ్లింది. కుళ్లు ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తినేసింది. ఆ రోజు ఒక ట్రే తీసుకెళ్లి ఆ మూల దించితే, రెండు గంటల తర్వాత వేసిన మేత వేసినట్టే ఉంది.

మీటరూ ట్రేలూ చెప్పిందంతా నిజమే. వాటిని మేము పెట్టిన చోటు చెరువు మొత్తంలో మంచి చోటు, అంతే.

నా తప్పు

ఇక్కడ కథ ముగిసి ఉంటే నాకు బాగుండేది. సంబరంలో నేను మళ్లీ “ఏమి వేయాలి” అనే దారినే పట్టాను. ఈసారి మందుకు బదులు ఏరియేటర్. ఆక్సిజన్ లేని చోట ఆక్సిజన్ వేస్తే సరి! 61వ రోజు రాత్రి పది గంటలకు ఒక ఏరియేటర్‌ను ఆ మూలకు లాగించి వేశాను.

తెల్లవారేసరికి 22 కిలోలు.

ఆక్సిజన్ అందని బురదలో సల్ఫేట్‌ను వాడుకుని బతికే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తయారు చేస్తుంది. ఉప్పునీటిలో సల్ఫేట్‌కు కొదవ లేదు. కదలకుండా ఉన్నంతసేపు ఆ విషం బురదలోనే ఉంటుంది. నేను చక్రాలు తిప్పి దాన్ని నీటిలోకి లేపాను. అదీ పీహెచ్ పడిపోయే రాత్రి వేళ. పీహెచ్ తగ్గేకొద్దీ ఆ వాయువు విషం పదునెక్కుతుంది. ఇది నాకు తెలియనిది కాదు. కళాశాలలో పరీక్షకు రాసినదే. ఇక్కడ ఆక్సిజన్ ఎందుకు లేదు అని ఇంకొక్క మెట్టు దిగి ఉంటే బురద దగ్గర ఆగేవాణ్ని. రైతు ఆ రోజు నాతో మాట్లాడలేదు. తిట్టినా కొంత తేలిక పడేవాణ్ని.

ఆ ఏరియేటర్ ఆపించి, మేత మూడు రోజులు సగానికి తగ్గించి, ఎండ ఉన్న వేళల్లోనే ఇంజను పెట్టి ఆ మూల నల్ల బురదను కొద్దికొద్దిగా తోడించాం. కాలువలోకి కాదు, పక్కనున్న ఖాళీ గుంటలోకి. కొంత నీరు మార్చాం. చావులు తగ్గుముఖం పట్టాయి గాని ఆగలేదు. ఆ మూడు రోజుల ఖాళీలోనే అసలు పని జరిగింది.

బొరుగులు, సీసాలు, వైరు

బురద ఆ మూలకే ఎందుకు చేరుతోంది? నీరు ఎటు తిరుగుతోందో తెలిస్తే గాని చెప్పలేం. రైతు కొడుకు ఇంటర్మీడియెట్ చదువుతున్నాడు, సెలవులకు వచ్చాడు. అంగడి నుంచి రెండు కిలోల బొరుగులు తెచ్చి నీటి మీద చల్లాడు. అవి గాలివాటానికి పోయి గట్టుకు చేరాయి. “పైన తేలేది గాలి మాట వింటుంది, అడుగున పోయేది వేరు” అంది అక్క. అప్పుడు అరలీటరు నీళ్ల సీసాల్లో కొంచెం ఇసుక, మిగతా నీళ్లు నింపి, మూడున్నర అడుగుల తాడుతో థర్మకోల్ ముక్కలకు కట్టి పన్నెండు చోట్ల వదిలాం. ఏరియేటర్లు తిరుగుతుండగా గంటసేపు వాటిని చూశాం. ఇరవై రెండు కిలోలు చంపినవాణ్ని గట్టు మీద కూర్చుని సీసాలు లెక్కపెడుతుంటే దారిన పోయేవాళ్లు ఏమనుకున్నారో!

సీసాలు చెప్పింది స్పష్టం. నాలుగు ఏరియేటర్లు నీటిని ఒక చుట్టుగా తిప్పుతున్నాయి. తూర్పు గట్టు మీది ఐదోది, ఆరోది వాటికి ఎదురు తోస్తున్నాయి. రెండు ప్రవాహాలు ఢీకొనే చోటికి అవతల నీరు నిలిచిపోతోంది. అదే ఈశాన్యం మూల.

ఐదూ ఆరూ అలా ఎందుకు ఉన్నాయి? నేను అడిగితే రైతు తల గోక్కున్నారు. కిందటి సంవత్సరం వాటిని కొన్నప్పుడు ఎలక్ట్రీషియన్ దగ్గర ఉన్న వైరు అంతవరకే వచ్చింది. స్తంభం నైరుతిలో ఉంది. వైరు అయిపోయిన చోట ఏరియేటర్‌ను దించి, అది ఎటు తిరిగి ఉంటే అటే బిగించి వెళ్లాడు. మూడు పంటలు అలాగే గడిచాయి.

ఇంకొక కారణం గట్టు మీద నడుస్తుంటే దానంతట అదే బయటపడింది. చెరువు తవ్వించేటప్పుడు వాస్తు ప్రకారం ఈశాన్యం పల్లంగా, నైరుతి మెరకగా ఉండేలా అడుగును వాలుగా చేయించారు. నీరు బయటికి పోయే తూము మాత్రం, మురుగు కాలువ అటే ఉంది కనుక, ఆగ్నేయంలో పెట్టారు. అంటే అడుగు వాలు ఒక మూలకు, తూము ఇంకొక మూలకు. పంట చివర నీరు తీసిన ప్రతిసారీ ఈశాన్యంలో మడుగు మిగిలేదట. ఎవరికీ అనుమానం రాలేదు. వాస్తును వెక్కిరించడానికి ఈ మాట రాయడం లేదు. వాలు ఎటైనా ఉండవచ్చు, తూము దాని వెంట ఉంటే చాలు. చెరువు తవ్వినవాళ్లు ఒకరు, తూము కట్టినవాళ్లు ఇంకొకరు, కరెంటు పని చేసినవాళ్లు మరొకరు. ఎవరి పని వాళ్లు సరిగానే చేశారు.

ఇలా వెనక్కి వెనక్కి వెళ్లడానికి టయోటా కార్ల కంపెనీలో తైచి ఓనో అనే ఇంజనీరు ఇచ్చిన ఉదాహరణ ప్రసిద్ధం. యంత్రం ఎందుకు ఆగింది? ఫ్యూజు పోయింది. ఎందుకు? బేరింగులకు కందెన చాలక భారం పెరిగింది. ఎందుకు? కందెన పంపు సరిగా తోడలేదు. ఎందుకు? దాని ఇరుసు అరిగింది. ఎందుకు? వడపోత జాలీ లేక లోహపు రజను లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి ఊరుకుంటే నెలకోసారి మారుస్తూనే ఉండాలి. చదవడానికి ఎంత బాగుంటుందో గట్టు మీద అంత బాగా నడవదు. మా చెరువులో కారణం ఒకే దారిన దొరకలేదు, వైరు ఒక కొమ్మ, వాలు ఇంకొక కొమ్మ. అంతకంటే పెద్ద చిక్కు మన భాషలోనే ఉంది. “ఎందుకు” అనే మాట మనిషిని చూస్తూ అంటే నిలదీసినట్టే వినిపిస్తుంది. “ఎందుకు ఇలా బిగించావు?” అని అడిగితే ఎలక్ట్రీషియన్ తనను తాను కాపాడుకుంటాడు గాని వైరు సంగతి చెప్పడు. అందుకని నేను ఇప్పుడు ఎక్కడ, ఎప్పటి నుంచి, ఇంకెక్కడ లేదు అని అడుగుతాను. ముఖ్యంగా మూడోది. ఇక్కడ చావులు ఉన్నాయి సరే, లేని చోటు ఏది? అక్క ప్రశ్నలో ఉన్న బలం అదే.

మా రంగంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఒకటుంది. 2009 ప్రాంతంలో చైనాలో మొదలై వియత్నాం, థాయ్‌లాండ్ చెరువులను ఖాళీ చేసిన జబ్బును మొదట్లో ముందస్తు మరణాల వ్యాధి అనేవారు. రొయ్య కాలేయంలాంటి అవయవం, హెపటోపాంక్రియాస్, శిథిలమవుతోంది. అక్కడ వెతికితే సూక్ష్మజీవి కనబడదు. 2013లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ బృందం తేల్చింది ఏమిటంటే, విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియా రొయ్య జీర్ణాశయంలో కాపురం పెట్టి విషాన్ని వదులుతుంది, ఆ విషం వెళ్లి హెపటోపాంక్రియాస్‌ను పాడు చేస్తుంది. గాయం ఒక చోట, గాయపరిచేది ఇంకొక చోట. ఆ ఫలితం వచ్చిన కొత్తలో చదివాను, రైతు సమావేశాల్లో చెప్పాను కూడా. అయినా నా మీటరు బల్ల దగ్గరే మునిగింది.

మార్చినవి

66వ రోజున కొత్త వైరు కొని, ఆరు ఏరియేటర్లనూ నీరు ఒకే దిశలో చుట్టు తిరిగేలా బిగించాం. ఖర్చు ఎనిమిది వేల రూపాయల లోపే. అలా తిరిగితే బురద మధ్యకు చేరుతుంది. మధ్యలో మేత చల్లడం మానేశాం. రెండు ట్రేలను ఉత్తరపు గట్టుకు మార్చాం. 70వ రోజుకు చావులు అర కిలోకు దిగాయి.

ఇందులో ఏ ఒక్కటీ కొత్త విషయం కాదు. ఏరియేటర్లను చుట్టు ప్రవాహానికి అమర్చాలని ప్రతి శిక్షణ పుస్తకంలోనూ ఉంటుంది. నిజంగా కొత్తది అంటే గుడ్డ కర్ర ఒక్కటే.

అక్క చెరువులో దిగేముందు వెదురు గెడతో అడుగు తడిమి చూస్తుంది, కూరుకుపోయే బురద ఎక్కడుందో తెలుసుకోవడానికి. బురద తోడిన వారంలో ఒక రోజు ఆ గెడ చివరకు పాత తెల్ల పంచె ముక్క చుట్టి గుచ్చింది. తీస్తే ఒక చోట గుడ్డ బూడిద రంగులో వచ్చింది, ఇంకొక చోట నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో వచ్చింది. ఎందుకు చుట్టావక్కా అంటే, “నేను తడిమితే నాకే తెలుస్తుంది, అయ్యకు చూపించాలంటే గుడ్డ కావాలి కదా” అంది. తన చేతికి తెలిసినదాన్ని ఇంకొకరి కంటికి తెలిసేలా చేసింది. నా మీటరు చేసే పని కూడా అదే కదా, నలభై వేల ఖరీదు తేడా తప్ప!

ఇప్పుడు ఆదివారం పూట పదహారు చోట్ల ఆ కర్ర గుచ్చుతారు. గుడ్డ నల్లబడిన చోట మేత ఆపి, అవసరమైతే బురద తోడతారు. గుడ్డ రంగు అంకె కాదు, మనిషిని బట్టి కొంత మారుతుంది. మీటరుకు బదులు అది పనికిరాదు. మీటరు ఎక్కడ ముంచాలో చెప్పడానికి మాత్రం అంతకు మించిన పరికరం నాకు కనబడలేదు.

ఆ పంటలో 42 కౌంటులో, అంటే కిలోకు 42 రొయ్యలు తూగే సైజులో, 4.7 టన్నుల పట్టుబడి వచ్చింది. పెట్టిన మేత 7.5 టన్నులు, అంటే కిలో రొయ్యకు 1.6 కిలోల మేత. బతికినవి 66 శాతం. నష్టం రాలేదు, లాభం అని చెప్పుకునేంతా రాలేదు. మరుసటి వేసవిలో అదే చెరువు, అంతే సీడ్, 40 కౌంటులో 5.6 టన్నులు, మేత 7.7 టన్నులు. ఈ తేడా అంతా ఒక ప్రశ్న వల్లే అని రాస్తే బాగుంటుంది గాని అలా రాయలేను. రెండో ఏడు సీడ్ తెచ్చిన హేచరీ వేరు, ఎండలు కొంచెం తక్కువ, రైతు మేత విషయంలో జాగ్రత్త పడ్డారు. మేత ఆదాలో సగమైనా ట్రేల మార్పు వల్ల వచ్చిందని నా అంచనా. అంచనా మాత్రమే.

అడగడానికి అయ్యే ఖర్చు

ఈ కేసు తర్వాత నన్ను ఎక్కువగా తొలిచింది చెరువు కాదు. అక్క ఆ మూలలో చచ్చినవి మొదటి రోజు నుంచీ ఏరుతోంది. నా మీటరు ఎక్కడ మునుగుతోందో మొదటి రోజు నుంచీ చూస్తోంది. ఏడు రోజులు ఎందుకు అడగలేదు?

చాలా రోజుల తర్వాత, మాటల్లో మాటగా ఆమె భర్త చెప్పాడు. చెరువుల మీద మేత బస్తాలు మాయమవడం ఉన్నదే. అనుమానం మొదట కాపలావాళ్ల మీదికే పోతుంది. అలాంటి చోట చావుల గురించి కాపలావాళ్లు తమంతట తాము మాట్లాడితే, ఏదో కప్పిపుచ్చుతున్నారని యజమానులు అనుకుంటారు. నోరు మూసుకుంటే జీతం నిలుస్తుంది. అంటే ఆ ఒక్క వాక్యం అడగడానికి ఆమె ఉద్యోగాన్ని పణంగా పెట్టింది. దానికి నేను “నీళ్లన్నీ ఒకటే అక్కా” అని జవాబు చెప్పాను.

కుతూహలం మా జనంలో లేదని శిక్షణ తరగతుల్లో తరచూ వింటుంటాను. లేకపోవడం ఏమిటి? ఐదేళ్ల పిల్లవాడి దగ్గర ఎంత ఉంటుందో గట్టు మీద కూలివాడి దగ్గరా అంతే ఉంటుంది. అడిగితే పోయేది ఏమిటో పిల్లవాడికి తెలియదు, కూలివాడికి తెలుసు.

నేను చెరువులకు వెళ్లినప్పుడు నింపే కాగితంలో ఇరవై మూడు గళ్లు ఉండేవి. కొలత ఎక్కడ తీశామో రాసే గడి వాటిలో లేదు. ఇప్పుడు రెండు గళ్లు కలిపాను. ఒకటి “ఎక్కడ ముంచాం”, రెండోది “ఎవరేమడిగారు”. రెండో గడి మొదటి రెండు నెలలు ఖాళీ. ఏమైనా అడగాలా అంటే అందరూ “ఏమీ లేదు సార్” అనేవారు. ఆ మాటకు ఇంకో జవాబు రాదని ఆలస్యంగా అర్థమైంది. “నిన్నటికీ ఈ రోజుకీ ఏమి తేడా కనబడింది?” అని మార్చాను. గడి నిండటం మొదలైంది. అడిగినదాన్ని తర్వాతిసారి వచ్చేలోపు కొలిచి, తేడా లేకపోతే లేదని ఆ మనిషి ముందే, యజమాని వినేలా చెబుతాను. యజమాని వినడం ముఖ్యం.

వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఎటూ తీసుకెళ్లలేదు. ఒక చెరువులో కప్పల అరుపు ఆగిందని ఒకాయన చెబితే నీరు, మట్టి రెండూ ల్యాబుకు పంపి డబ్బు వదిలించుకున్నాను, ఏమీ తేలలేదు. కొంగలు ఒక గట్టునే వాలుతున్నాయన్న మాట వెంట రెండు తెల్లవారుజాములు పోయాయి. అక్కడ ఎండిపోయిన చెట్టు ఒకటి ఉంది, అంతే. ఈ ఖర్చును లెక్కలో చూపకుండా ప్రశ్నల గురించి గొప్పగా మాట్లాడేవాళ్లు ఎప్పుడూ తమ డబ్బుతో చెరువు వేసి ఉండరు.

గుడ్డ కర్ర మాత్రం చుట్టుపక్కల పాకింది. నేను చూసే చెరువుల్లోనే ఐదారు చోట్ల పెట్టుకున్నారు. కిందటి నెల విడవలూరు మండలంలో ఒక కొత్త చెరువుకు పిలిస్తే వెళ్లాను. యువ రైతు, ఉత్సాహవంతుడు. మేమూ గుడ్డ కర్ర వాడుతున్నాం సార్ అని చూపించాడు. మంచి వెదురు, కొత్త మల్లుగుడ్డ, పైన ప్లాస్టిక్ పిడి. బల్ల చివరి గుంజకు కొక్కెం బిగించి దానికి తగిలించి ఉంది, రోజూ అక్కడే గుచ్చి చూస్తారట. గుడ్డ మల్లెపువ్వులా తెల్లగా ఉంది.